వాన పడుతుందనుకునే బయలుదేరండి

అలాస్కా క్రూజ్ బుక్ చేసుకున్న ఇళ్లలో ప్రయాణానికి వారం పది రోజుల ముందు ఒక దిగులు మొదలవుతుంది. ఎవరో ఒకరు ఫోన్ తీసి కెచికాన్, జూనో, స్కాగ్వే అని ఓడ ఆగే ఊళ్ల పేర్లన్నీ కొట్టి చూస్తారు. తెర నిండా మబ్బులు, వాన చుక్కలు. సోమవారం వాన, మంగళవారం వాన, బుధవారమూ వానే. “ఇంత డబ్బు పోసి తడవడానికా వెళ్తున్నాం?” అని ఇంట్లో చర్చ. వేసవి సెలవులకు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లే పిల్లలకైతే ఈ బెంగ మరీ ఎక్కువ. పెద్దవాళ్లు జీవితంలో ఒక్కసారి చూసే చోటు అది. ఆ ఒక్కసారీ ఆకాశం మూసుకుపోతే ఎలా అన్నది పిల్లల బాధ.

ఫోన్ అబద్ధం చెప్పడం లేదు. మీరు వెళ్లేది జూన్ అయినా, ఆగస్టు అయినా, వారం రోజుల్లో కొన్ని రోజులు వాన తగలడం దాదాపు ఖాయం. ఎండ కాస్తుందన్న ఆశతో వెళ్లినవాళ్లు ప్రతి ఉదయం కిటికీ తెర తీసి ఉసూరుమంటారు. వాన ఉంటుందన్న లెక్కతో బట్టలు సర్దుకుని, రోజు కార్యక్రమం వేసుకున్నవాళ్లు ఆ వారం హాయిగా గడుపుతారు. రెండు కుటుంబాలూ ఒకే ఓడలో, ఒకే ఆకాశం కింద ఉంటాయి.

అక్కడ అంత వాన ఎందుకో తెలిస్తే సగం చిరాకు పోతుంది. అలాస్కా అనగానే మనకు మంచు ఎడారి కళ్లలో మెదులుతుంది. కానీ క్రూజ్ ఓడలు తిరిగే ఆగ్నేయ అలాస్కా నిజానికి వర్షారణ్యం. అమెరికాలోకెల్లా పెద్ద జాతీయ అరణ్యమైన టాంగస్ అక్కడే ఉంది. పసిఫిక్ మీద నుంచి వచ్చే తేమగాలి తీరంలో నిటారుగా నిలబడ్డ కొండలకు కొట్టుకుని, పైకి లేచి, చల్లబడి వానగా కురుస్తుంది. అరేబియా సముద్రపు గాలి పడమటి కనుమలకు కొట్టుకుని అటువైపే కురిసి, ఇటు అనంతపురానికి వచ్చేసరికి ఎండిపోయినట్టే ఇదీను. కెచికాన్ అటువైపు ఊరు. అక్కడ ఏడాదికి 3,500 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. హైదరాబాద్‌లో పడేది 800 పైచిలుకు. జూనోలో విమానాశ్రయం దగ్గర కొలిస్తే సుమారు 1,600 మిల్లీమీటర్లు, కొండకు ఆనుకుని ఉన్న ఊరి నడిబొడ్డులో ఇంకా ఎక్కువ. మరింత ఉత్తరాన, సన్నటి సముద్రపు పాయ చివర కొండల చాటున ఉన్న స్కాగ్వేలో 700 కూడా దాటదు. అందుకే ఒకే వారంలో మీకు కెచికాన్‌లో కుండపోత, స్కాగ్వేలో పొడి ఆకాశం దొరకవచ్చు. మూడు ఊళ్లకూ కలిపి ఒకే వాతావరణం ఊహించుకోవద్దు.

ఇంకో సంగతి. మీరు చూడబోయే హిమనదాలను (గ్లేసియర్లను) తయారు చేసింది ఈ తేమగాలే. కింద ఊళ్లో వానగా పడేదే పై ఎత్తున కొండల మీద మంచుగా కురిసి, ఏళ్ల తరబడి పేరుకుని, గట్టిపడి, తన బరువుకు తానే మెల్లగా కిందికి జారి మెండెన్‌హాల్ అవుతుంది, మార్జరీ అవుతుంది, హబ్బర్డ్ అవుతుంది. గాలి పొడిగా ఉండి ఉంటే ఆ కొండల మీద అంత మంచు పేరుకునేది కాదు. వాన కురిసిన మర్నాడు ఫియర్డ్‌ల (కొండల మధ్య సన్నటి సముద్రపు పాయల) గోడల మీద తెల్లటి జలపాతాలు ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టలేం. ఎండ రోజుల్లో వాటిలో చాలా వరకు ఉండవు. హిమనదం నీలిరంగు కూడా మబ్బు రోజునే బాగా కనిపిస్తుంది. నేరుగా ఎండ పడితే మంచు తెల్లగా మెరిసి ఆ నీలం తేలిపోతుంది. ఫొటోలు తీసే అలవాటున్నవాళ్లకు ఇది బాగా తెలుసు. మబ్బు పట్టిందని గ్లేసియర్ రోజున గదిలో కూర్చుని సినిమా చూసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక చలి సంగతి. జులైలో జూనోలో పగటి గరిష్ఠం సగటున 18 డిగ్రీల సెల్సియస్, అంటే 64 ఫారన్‌హీట్ దగ్గర ఉంటుంది. రాత్రి 10 డిగ్రీలకు దిగుతుంది. మే, సెప్టెంబరు నెలల్లో పగలు 13, 14 డిగ్రీలు. అంకెలుగా చూస్తే భయపడేంత చలేమీ కాదు, హైదరాబాద్‌లో జనవరి తెల్లవారుజామున ఉండే చలి అది. అయితే మూడు విషయాలు ఈ అంకెను మార్చేస్తాయి.

మొదటిది గాలి. ఓడ 20 నాట్ల వేగంతో పోతోందంటే, బయట ఆకు కదలకపోయినా డెక్ మీద నిలబడ్డ మీకు గంటకు 37 కిలోమీటర్ల ఎదురుగాలి తగులుతూనే ఉంటుంది. 10 డిగ్రీల చలిలో అలాంటి గాలి తగిలితే ఒంటికి 6 డిగ్రీలలా అనిపిస్తుంది. రెండోది తడి. ఇదే అసలు శత్రువు. పొడిగా ఉన్న మనిషి 10 డిగ్రీల్లో నవ్వుతూ తిరుగుతాడు, తడిసిన మనిషి 15 డిగ్రీల్లో వణుకుతాడు. మూడోది హిమనదం. మంచు మీదుగా జారే గాలి బరువుగా, చల్లగా కిందికి దిగి ఓడను తాకుతుంది. గ్లేసియర్ బే అనే అఖాతంలో ఓడ మార్జరీ హిమనదం ముందు ఆగినప్పుడు ఊళ్లో ఉన్నదానికన్నా బాగా చల్లగా ఉంటుంది. అక్కడ మీరు పది నిమిషాలు చూసి వచ్చేయరు. మంచు గోడ విరిగి సముద్రంలో పడే క్షణం కోసం గంట, గంటన్నర కదలకుండా నిలబడతారు. నడిచేటప్పుడు పుట్టే ఒంటి వేడి నిలబడ్డప్పుడు పుట్టదు. వారం మొత్తంలో మీకు బాగా చలేసే సమయం ఇదే. బట్టలు దీనికోసమే సర్దుకోవాలి.

అలాగని అక్కడ ఎప్పుడూ చలే అనుకోవడం కూడా పొరపాటే. 2019 జులై 4న ఆంకరేజ్‌లో 90 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 32 సెల్సియస్ నమోదైంది. ఆగ్నేయాన జూనో వైపు కూడా కొన్ని రోజులు 25 డిగ్రీల ఎండ కాస్తుంది. ఒకే పగలు ఉదయం పొగమంచు, పదకొండుకు ఎండ, రెండింటికి జల్లు పడటం మామూలే. ఒకటి రెండు పొట్టి చేతుల చొక్కాలు, నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ పెట్టెలో ఉండాలి. నీళ్ల మీద, మంచు మీద పడి తిరిగొచ్చే ఎండ కళ్లకు, ముఖానికి గట్టిగానే తగులుతుంది.

అందుకే ఒక్క పెద్ద కోటు కాదు, విప్పి తొడుక్కోవడానికి వీలైన మూడు పొరలు కావాలి. ఒంటికి ఆనుకుని పలచటి థర్మల్. అది ఉన్నిదో, సింథటిక్‌దో అయి ఉండాలి, నూలుది వద్దు. నూలు తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. జీన్స్‌కూ ఇదే వర్తిస్తుంది. దాని మీద ఫ్లీస్ గానీ, మన మామూలు స్వెటర్ గానీ. అన్నిటికీ పైన టోపీ ఉన్న రెయిన్ జాకెట్. కొనేటప్పుడు చీటీ చదవండి. ‘వాటర్ రెసిస్టెంట్’ అని ఉన్నది చిన్న జల్లుకు ఆగుతుందే తప్ప కెచికాన్ వానకు ఆగదు. ‘వాటర్‌ప్రూఫ్’ అని స్పష్టంగా ఉండాలి. స్వెటర్ మీద తొడుక్కునేంత వదులుగానూ ఉండాలి. షికాగో చలికాలానికి కొన్న లావుపాటి కోటు ఇక్కడ పెద్దగా పనికిరాదు. నాలుగడుగులు వేస్తే చెమట పోస్తుంది, వానకు నానుతుంది, పెట్టెలో సగం తనే ఆక్రమిస్తుంది.

గొడుగు గురించి అడుగుతారు. పట్టుకెళ్లండి గానీ నమ్ముకోవద్దు. రేవుల్లో వీచే గాలికి అది తిరగబడుతుంది. అంత వాన కురిసే కెచికాన్‌లో ఊరివాళ్ల చేతుల్లో గొడుగు కన్నా ఒంటి మీద రెయిన్ కోటు, కాళ్లకు రబ్బరు బూట్లే ఎక్కువ కనిపిస్తాయి. మీకు రబ్బరు బూట్లు అక్కర్లేదు. నీరు చొరబడని, అడుగున పట్టున్న బూట్లు చాలు. కెచికాన్‌లోని క్రీక్ స్ట్రీట్‌లో నడక అంతా చెక్క బాటల మీదే. తడిసిన చెక్క పాకుడు పట్టిన మెట్టులా జారుతుంది. పెద్దవాళ్లను చెప్పులతో, శాండల్స్‌తో అక్కడికి తీసుకెళ్లొద్దు. చేసంచిలో ఒక జత పొడి సాక్సులు ఉంటే తడిసిన కాళ్లతో రోజంతా ఈడ్చుకోవలసిన అవసరం ఉండదు.

అమ్మ చీరే కట్టుకుంటానంటే కట్టుకోనివ్వండి. లోపల థర్మల్ లెగ్గింగ్, కాళ్లకు ఉన్ని సాక్సులు, బూట్లు ఉంటే భోజనాల గదికీ, షోలకూ చీర భేషుగ్గా ఉంటుంది. పైడెక్ మీదకు, రేవులో దిగి నడవడానికి మాత్రం చుడీదార్ మేలని ముందే నచ్చజెప్పండి. గాలికి కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటే పడే ప్రమాదం ఉంది. శాలువా వెచ్చగా ఉంటుంది కానీ గాలిని ఆపదు, జాకెట్ లోపల కప్పుకోవాలి. నాన్న మంకీ క్యాప్ తెచ్చుకుంటానంటే నవ్వకండి. గ్లేసియర్ ముందు నిలబడ్డప్పుడు చెవులు, మెడ, గడ్డం ఒకేసారి కప్పే వస్తువు దానికి మించింది లేదు. చేతి తొడుగులు అందరికీ కావాలి. ఇనుప రెయిలింగు పట్టుకున్నప్పుడు, ఫోన్‌తో ఫొటో తీసినప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

ఇలా సరిగ్గా ముస్తాబైన ఒక పెద్దావిడను గ్లేసియర్ బేలో చూశాను. సన్నటి జల్లు పడుతోంది. కొడుకు రెండుసార్లు వచ్చాడు. “అమ్మా, చలిగా ఉంది, లోపలికి పద.” ఆవిడ కళ్లు మంచు గోడ మీదే ఉన్నాయి. “నువ్వు పోరా నాయనా. నాకేం చలి లేదు. మళ్లీ చూస్తానా ఏమిటి?” అంది. నేను లోపలికి వెళ్లేటప్పటికీ ఆవిడ అక్కడే ఉంది. ఆ జల్లులో ఆవిడను నిలబెట్టింది మంచి జాకెట్, పొడి సాక్సులు.

బట్టల కన్నా ముందు సిద్ధం చేయవలసింది ఇంకొకటుంది, మనసు. మన అమ్మానాన్నలు ఆకాశాన్ని చూసి దిగులుపడరు, మన ముఖం చూసి పడతారు. పొద్దున్నే కిటికీలోంచి చూసి మీరు “అబ్బా, మళ్లీ వానే” అని నిట్టూరిస్తే, వాళ్ల మనసులో నడిచే లెక్క వేరు. ‘మా కోసం ఇంత ఖర్చు పెట్టాడు, పాపం అంతా దండగైంది’ అనుకుంటారు. ఆ నిమిషం నుంచి వాళ్లు చూడటం మానేసి మిమ్మల్ని ఓదార్చడం మొదలుపెడతారు. “పర్లేదమ్మా, ఇదీ బాగానే ఉంది, మాకిది చాలు” అంటారు. ఆ మాట వినిపించిందంటే ఆ రోజు చేజారిపోయినట్టే. అందుకే వాళ్లు ఇండియాలో విమానం ఎక్కకముందే ఫోన్‌లో చెప్పేయండి. “అక్కడ వాన పడుతుందమ్మా. మబ్బుల మధ్య కొండలు చూస్తాం, తడుస్తూ తిమింగలాలు చూస్తాం” అని. క్రూజ్ కంపెనీ కరపత్రంలోని నీలాకాశం ఫొటోలు పంపకండి, వానలో తీసిన వీడియోలు పంపండి. విజయవాడలో మే నెల ఎండకు ఉడికిపోతున్నవాళ్లకు ఆ కబురు బెంగ కాదు, ఊరట. ఇక ఓడ మీద ఎండ కాసిందంటే అది వాళ్లకు అనుకోని పండగ.

నెల ఎంచుకునే స్వేచ్ఛ మీకుంటే దాన్ని వాడుకోండి. ఈ తీరంలో ఏప్రిల్, మే, జూన్ కాస్త పొడి నెలలు. జులై నుంచి వాన పెరుగుతూ పోతుంది. జూనోలో సెప్టెంబరు వాన మే నెల వానకు రెట్టింపును మించుతుంది. మేలో కొండల మీద ఇంకా మంచు నిండుగా ఉండి చూడటానికి అద్భుతంగా ఉంటుంది గానీ, ఎత్తైన కాలిబాటలు కొన్ని మంచు కిందే ఉంటాయి. జులైలో వెచ్చదనం ఎక్కువ, రద్దీ కూడా ఎక్కువే. ఆగస్టులో సాల్మన్ చేపలు ఏరుల్లోకి ఎదురీదుతాయి, వాటి కోసం ఎలుగుబంట్లు వస్తాయి, అందుకే వానను సహించి ఆ నెలే కోరుకునేవాళ్లున్నారు. సెప్టెంబరులో టికెట్లు చవక, రాత్రులు చీకటిగా ఉండి అదృష్టం బాగుంటే అరోరా కనిపించే వీలుంది, కానీ సముద్రం కూడా అప్పుడే ఎక్కువ అల్లకల్లోలంగా ఉంటుంది. పెద్దవాళ్లతో వెళ్లేవారికి నేను జూన్ అంటాను. వాన తక్కువ కావడం ఒక కారణం, వెలుతురు రెండోది. జూన్ 21 ప్రాంతంలో జూనోలో తెల్లవారుజామున నాలుగు కాకముందే సూర్యోదయం, రాత్రి పది దాటాక సూర్యాస్తమయం. పగలంతా మబ్బు పట్టినా సాయంత్రం ఎనిమిదికి తెరిపి ఇస్తే ఇంకా రెండు గంటల వెలుగు మీ చేతిలో ఉంటుంది. నాలుగింటికే లేచే అలవాటున్న పెద్దలకు అది వరం. ఆ వేళ డెక్ ఖాళీ, నీళ్లు తరచూ నిలకడగా ఉంటాయి, తిమింగలం ఊదిన తెల్లటి ఆవిరి దూరం నుంచే కనిపిస్తుంది.

ఓడ ఊగుతుందా అని భయపడేవారు ఎక్కే రేవు చూసుకోవాలి. వాంకూవర్ నుంచి బయలుదేరే ఓడలు సాధారణంగా దీవుల చాటున, ఇన్‌సైడ్ పాసేజ్‌లో పోతాయి. నీళ్లు ఎక్కువభాగం చెరువులా ఉంటాయి. సియాటిల్ నుంచి వెళ్లే పెద్ద ఓడలు ఎక్కువగా వాంకూవర్ దీవికి పడమటగా బహిరంగ సముద్రంలో పోతాయి కాబట్టి మొదటి రాత్రి, మర్నాడు కొంత ఊపు తప్పదు. విట్టియర్, సీవర్డ్ దాకా వెళ్లేవి అలాస్కా సింధుశాఖ దాటాలి, అక్కడా అంతే. మధ్యభాగంలో, కింది అంతస్తులో గది తీసుకుంటే ఊపు తక్కువ తెలుస్తుంది. వాంతి మాత్రలు ఊపు మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. బీపీ, షుగర్ మందులు వాడే పెద్దవాళ్లకు ఏ మాత్ర ఇవ్వవచ్చో ప్రయాణానికి ముందే డాక్టరును అడిగి పెట్టుకోండి.

వాతావరణాన్ని బట్టి మారేవి ప్రధానంగా రేవుల్లో మీరు విడిగా కొనుక్కునే విహారాలు. హెలికాప్టర్, నీటి మీద దిగే చిన్న విమానం ముందుగా రద్దయ్యేవి. మబ్బు కిందికి దిగితే అవి ఎగరవు, ఎగరకూడదు కూడా. నిర్వాహకులే రద్దు చేస్తే సాధారణంగా డబ్బు తిరిగి వస్తుంది, వాన చూసి మీరే మానుకుంటే రాదు. కాబట్టి వారం మొత్తం ఆశనంతా ఒక్క హెలికాప్టర్ మీద పెట్టకండి. జూనోలో మౌంట్ రాబర్ట్స్ రోప్‌వే టికెట్ ముందే కొనకుండా, దిగాక తలెత్తి కొండ శిఖరం కనిపిస్తోందో లేదో చూసి కొనండి. కనిపించకపోతే స్టేట్ మ్యూజియం ఉంది. స్కాగ్వే నుంచి వైట్ పాస్ రైలు సముద్ర మట్టం నుంచి 873 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది, పైన ఐదారు డిగ్రీలు చల్లగా ఉంటుంది కాబట్టి కింద ఎండ ఉన్నా స్వెటర్ వదిలేసి వెళ్లకండి. తిమింగలాలు చూపించే పడవలు వానలోనూ వెళ్తాయి. చాలా వాటిలో మూసి ఉండే వెచ్చటి గది ఉంటుంది. ఎండ రోజున నీటి మెరుపు కళ్లకు కొడుతుంది, మబ్బు రోజున ఆ బాధ లేదు. వానకని ఈ ఒక్కటి మాత్రం మానుకోవద్దు.

ఫోన్‌లోని వాన గుర్తును కూడా సరిగ్గా చదవడం నేర్చుకోవాలి. రోజంతటికీ ఒకే బొమ్మ వేస్తారు కాబట్టి గంటసేపు తుంపర పడినా అదే గుర్తు. వారం ముందు చూసి బెంగపడటం వృథా. ముందురోజు రాత్రి గంటలవారీగా చూస్తే చాలు. ఇంకా వివరంగా కావాలంటే అమెరికా నేషనల్ వెదర్ సర్వీస్ జూనో కార్యాలయం సముద్ర సూచనలు ఇస్తుంది. అందులో గాలి నాట్లలో, అల ఎత్తు అడుగుల్లో ఉంటుంది. ‘స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ’ అని కనిపిస్తే హడలిపోకండి, అది చేపల పడవల్లాంటి చిన్నవాటికి చెప్పే జాగ్రత్త.

ఇక ఈ వారాంతంలో చేయవలసిన పని ఒకటుంది. అమ్మానాన్నల కోసం కొన్న రెయిన్ జాకెట్ తొడుక్కుని, టోపీ బిగించి, మీ ఇంటి దగ్గర పడే మొదటి వానలో పావుగంట నడవండి. భుజాల దగ్గర, జిప్పు దగ్గర తడి తగిలితే అది పనికిరాదు. దుకాణంలో మార్చుకోవడానికి మీకింకా సమయం ఉంది, ఓడ ఎక్కాక ఉండదు.